పాత యాంప్లిఫయర్ కొన్నారా? అప్పుడే ప్లగ్గు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త మ్యూజిక్ సిస్టమ్ రెండు మూడేళ్లకే మూగబోతుంటే విసిగి, 1970, 80ల నాటి యాంప్లిఫయర్ల కోసం వెతికేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే. వాటిలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు, విడివిడి ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఏది పోతే దాన్నే మార్చుకోవచ్చు. ఇప్పటి చౌక సెట్లలో సప్లయి, ఆడియో, బ్లూటూత్ తరచూ ఒకే బోర్డు మీద ఉంటాయి. పైగా కండెన్సర్లను (కరెంటును నిల్వ చేసే డబ్బా లాంటి భాగాలను) వేడెక్కే హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు పలక) పక్కనే ఇరికిస్తారు. పది డిగ్రీల వేడి పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

అయితే అవే కండెన్సర్లు పాత సెట్లోనూ ఉన్నాయి. 40 ఏళ్లలో వాటి లోపలి ద్రవం ఎండిపోయి ఉండవచ్చు. అటక మీంచి దించిన సెట్టుకు నేరుగా కరెంటిస్తే బాగున్న భాగాలూ కాలిపోవచ్చు. ముందు వెనకవైపు రాసిన వోల్టేజి చూడండి. 100 లేదా 117 వోల్టులకు చేసిన సెట్టును 230కి తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. వోల్టేజి సరిపోతే, కరెంటు బల్బు గుండానే సెట్టుకు చేరేలా 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ఫర్వాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టే. స్పీకర్లు తగిలించకముందే అవుట్‌పుట్ దగ్గర, అంటే స్పీకర్ వైర్లు తగిలించే చోట, మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజి కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే నిశ్చింత. వోల్టుల్లో వస్తే స్పీకర్ కాయిల్ కాలిపోతుంది.

ఫిల్టర్ కండెన్సర్లు (సప్లయిలోని పెద్ద కండెన్సర్లు) మార్చేటప్పుడు వాటి మీద రాసిన మైక్రోఫారడ్ (నిల్వ సామర్థ్యం) విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం తీసుకోవాలి. ప్లస్ మైనస్ తారుమారైతే పేలుతుంది. పాత కండెన్సర్‌ను ఊడదీసే ముందు ప్లగ్గు తీసి, దాని రెండు కాళ్లను కలుపుతూ 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో నిమిషంపాటు డిశ్చార్జి చేసి, మీటర్‌తో చూడండి. ఆ కాళ్లను స్క్రూడ్రైవర్‌తో కలిపి చిటపటలాడించడం మెకానిక్కులకూ ఉన్న చెడ్డ అలవాటు.

వాల్యూమ్ గరగరకు కాంటాక్ట్ క్లీనర్ చాలు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టొద్దు. క్యాసెట్ డెక్ అయితే బెల్టు తారులా కరిగి పుల్లీలకు అంటుకుని ఉండవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వేయాలి.

ఇవన్నీ ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లకే. వాల్వు (గాజు గొట్టాల) రేడియోల సంగతి వేరు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ రకాల్లో ఛాసిస్‌కే (లోపలి లోహపు చట్రానికే) మెయిన్స్ కరెంటు రావచ్చు. వాటి మూత తెలిసిన మెకానిక్కే తీయాలి.

– ఒక పాఠకుడు