కుక్కపిల్లను తెచ్చేలోగా

పాలకొల్లు

అమ్మలూ,

దసరా సెలవుల్లో పిల్లలకు కుక్కపిల్లను తెద్దామనుకుంటున్నామని ఫోన్లో చెప్పావు. వద్దనను. కానీ మీ ఇల్లు చేల పక్కనే ఉంది, నువ్వూ అల్లుడుగారూ పొద్దున్నే ఉద్యోగాలకు బయల్దేరతారు. ఈ రెండూ ఆలోచించాకే పిల్లలకు మాటివ్వు.

ముందు మధ్యాహ్నం సంగతి తేల్చు. మూడు నెలల్లోపు పిల్లకు రోజుకు నాలుగుసార్లు తిండి పెట్టాలి, ఆ తర్వాత ఆరో నెల దాకా మూడుసార్లు. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఉచ్చ ఆపుకోలేదు. నిద్ర లేవగానే ఒకసారి, తిన్న పావుగంటలోపు ఒకసారి బయటికి తీసుకెళ్తేనే అలవాటవుతుంది. సాయంత్రం దాకా కట్టేసి ఉంచితే గదిలోనే పోస్తుంది, అరుస్తుంది, చెప్పులు కొరుకుతుంది. అది దాని తప్పు కాదు. పగలు దాన్ని చూసుకోవడానికి మీ అత్తగారు మనస్ఫూర్తిగా సరేనంటేనే తెండి, మొహమాటపెట్టి ఒప్పించకు. నీళ్ల గిన్నె కడగడం, ఒళ్లు దువ్వడం పిల్లలకు అప్పజెప్పు, అంతకు మించి వాళ్ల మీద వేయకు. కుక్క పదేళ్లు, పన్నెండేళ్లు బతుకుతుంది. అప్పటికి వాళ్లు కాలేజీలకెళ్లి ఉంటారు.

పగ్, హస్కీ జాతుల మాట ఎత్తకండి. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లే. మన ఉక్కపోతలో నాలుక మీది తడి త్వరగా ఆరదు, పైగా పగ్‌కి ముక్కే పొట్టి. నన్నడిగితే ఊరకుక్క పిల్లే మేలు. ఏదైనా ఎనిమిది వారాలు నిండాకే తీసుకోండి. గట్టిగా కొరకకూడదని అది నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గరే.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారో వారం దాకా వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కి కూడా వేయమని పశువుల డాక్టరు గారిని అడుగు; అది మనుషులకూ సోకుతుంది. టీకాలు పూర్తయ్యేదాకా వీధి మట్టిలో తిప్పకండి. కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. నట్టల మందు రెండు వారాలకోసారి, మూడో నెల నుంచి నెలకోసారి పట్టించాలి.

నాకు అన్నిటికన్నా బెంగ చేలల్లో పెట్టే ఎలుకల మందు గురించే. తొంభై ఆరు వంతుల నూకల్లో రెండు వంతుల నూనె, రెండు వంతుల బ్రోమాడయోలోన్ మందు పొడి కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో వేస్తారు. నూనె వాసనకి కుక్కపిల్ల తవ్వి మరీ తింటుంది. ఆ రోజు గెంతుతూనే ఉంటుంది. మూడో రోజుకో, అయిదో రోజుకో లోపల రక్తం కారడం మొదలై చిగుళ్లు తెల్లబడతాయి, ఆయాసం వస్తుంది. అప్పటికి చేయి దాటిపోవచ్చు. తిన్నదని అనుమానం వచ్చిన రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి, మందు పేరు చెబితే విటమిన్ కె1 ఇస్తారు. వారాల తరబడి వాడాలి. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందు తింటే విరుగుడు లేదు, గంటల్లోనే ముదురుతుంది. కక్కించాలని ఉప్పునీళ్లు మాత్రం పట్టించకండి, ఉప్పు కూడా విషమే అవుతుంది. సార్వా, దాళ్వా రెండు పంటలకీ ఎర పెడుతూనే ఉంటారు కాబట్టి కాలం చూసుకుని తప్పించుకోలేం. గేటు కింద సందుకి ఇనుప జాలీ కొట్టించు, నాలుగు వేళ్ల సందున్నా దూరిపోతుంది. పక్క చేను రైతుని ఎర ఎప్పుడు పెడుతున్నారో చెప్పమను.

ఉల్లిపాయ వేసిన కూర కలిపిన అన్నం, ఉడికిన ఎముకలు, మామిడి టెంకలు దానికి అందనివ్వకండి. టెంక పేగుకి అడ్డం పడితే ఆపరేషనే.

పళ్లొచ్చే రోజుల్లో ఆడుతూ పిల్లల చేతులు గీరుతుంది. చిన్న గాటైనా సబ్బుతో ధార కింద పదిహేను నిమిషాలు కడిగి, ప్రభుత్వాసుపత్రిలో చూపించు.

జాలీ కొట్టించి, అత్తగారితో మాట్లాడాక ఫోన్ చెయ్యి. ఏ పిల్లను తీసుకోవాలో చూడ్డానికి నేనూ వస్తాను.

నాన్న