సాఫ్ట్‌బాల్‌లో ఏ నిర్ణయాన్ని ప్రశ్నించవచ్చు?

సంపాదకులకు,

అయ్యా,

బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆట మ్యాచ్‌ల వార్తల్లో ‘అంపైర్ తప్పుడు నిర్ణయంతో ఓటమి’ అనే వాక్యం తరచుగా కనిపిస్తోంది. ఆ తప్పు ఏ రకమైనదో మాత్రం వార్తలో ఉండదు. ఒక బేస్ నుంచి మరో బేస్‌కు పరుగెత్తే రన్నర్ బేస్‌ను తాకిన క్షణాన్ని అంపైర్ సరిగా చూడలేకపోయారా, లేక సరిగానే చూసి వర్తించని నియమాన్ని వర్తింపజేశారా? అంపైర్‌గా మైదానంలో నిలబడే నాకు ఈ రెండింటి మధ్య ఎంతో దూరం కనిపిస్తుంది. ఆ దూరం ఆటగాళ్లకు, ప్రేక్షకులకు, వార్త రాసేవారికి కూడా తెలియాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

పిచ్ (బ్యాటర్‌కు విసిరిన బంతి) స్ట్రైకా (బ్యాటర్‌కు వ్యతిరేకంగా లెక్కించేదా) కాదా, కొట్టిన బంతి ఫెయిరా (గీతల లోపలా) ఫౌలా (బయటా), రన్నర్ సేఫా ఔటా అనేవి అంపైర్ కంటికి వదిలేసిన విషయాలు. వీటిమీద ప్రొటెస్ట్, అంటే లాంఛనంగా తెలిపే అభ్యంతరం, చెల్లదు. అంపైర్ నియమాన్ని తప్పుగా అర్థం చేసుకున్నా, సరైన నియమాన్ని వర్తింపజేయకపోయినా, నియమం చెప్పిన శిక్ష వేయకపోయినా ప్రొటెస్ట్ చేసే హక్కు జట్టుకు ఉంటుంది. అయితే సాధారణంగా తర్వాతి పిచ్ పడకముందే ఆ మాట బ్యాటర్ వెనక నిలబడే ప్లేట్ అంపైర్‌కు చెప్పాలి. మైదానంలో జరిగేది దీనికి తలకిందులు. వెంట్రుకవాసి తేడాతో ఔటైన రన్నర్ కోసం కోచ్ గొంతు చించుకుంటారు, ప్రేక్షకులు వంతపాడతారు. నియమమే తారుమారైన చోట ఎవరూ నోరు మెదపరు. ఈలోగా తర్వాతి పిచ్ పడిపోతుంది, సరిదిద్దే దారి మూసుకుపోతుంది.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై సంగతి చూడండి. ఇద్దరు ఔట్ కాకముందు, మొదటి రెండు బేసుల్లో గానీ మూడింటిలోనూ గానీ రన్నర్లు ఉన్నప్పుడు, గాల్లోకి లేచిన ఫెయిర్ బంతిని ఇన్‌ఫీల్డర్ (బేసుల దగ్గర కాపు కాసే ఫీల్డర్) మామూలు శ్రమతో పట్టగలిగితే, పట్టినా వదిలినా బ్యాటర్ ఔట్. బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తట్టడం) ప్రయత్నానికీ, లైన్ డ్రైవ్‌కూ (తక్కువ ఎత్తులో నేరుగా దూసుకెళ్లే బంతికీ) ఇది వర్తించదు. ఈ నియమమే లేకపోతే ఫీల్డర్ కావాలని బంతిని జారవిడిచి, ఎటూ కదల్లేక బేసుల దగ్గర చిక్కుకున్న రన్నర్లిద్దరినీ ఔట్ చేసేయవచ్చు. రన్నర్లను ఆ మోసం నుంచి కాపాడడానికే దీన్ని పెట్టారని తెలిసిన అంపైర్‌కు ‘మామూలు శ్రమ’ను ఎలా చదవాలో కూడా తెలుస్తుంది. ఇన్‌ఫీల్డ్ మట్టి ఎక్కడ ముగిసింది, ఔట్‌ఫీల్డ్ గడ్డి ఎక్కడ మొదలైంది అని వెతకరు. ఫీల్డర్ బంతి కిందికి చేరి నిలదొక్కుకోగలరా అని చూస్తారు. అది అంపైర్ అంచనా, దానితో వాదన కుదరదు. కానీ ఇన్‌ఫీల్డ్ ఫ్లై ప్రకటించిన అంపైరే ‘డెడ్ బాల్’ (ఆట ఆగింది) అని రన్నర్లను వెనక్కి పంపితే అది నియమాన్ని మీరడమే. బంతి ఇంకా ఆటలోనే ఉంది, రన్నర్లు తమ పూచీ మీద ముందుకు వెళ్లవచ్చు. కోచ్ లేచి రావలసింది సరిగ్గా అక్కడే.

అబ్‌స్ట్రక్షన్ మీద గొడవలు ఇంతకంటే ఎక్కువ. బంతి చేతిలో లేకుండా, కొట్టిన బంతిని అందుకునే ప్రయత్నంలోనూ లేకుండా ఫీల్డర్ రన్నర్‌కు అడ్డు వస్తే అంపైర్ ఎడమ చేయి చాచి పిడికిలి బిగిస్తారు. ఆట మాత్రం ఆగదు. దూరం నుంచి చూసేవారికి అంపైర్ ఏమీ పట్టించుకోనట్టే ఉంటుంది. ఆట నిలిచాక, ఆ అడ్డు లేకుంటే రన్నర్ ఏ బేస్ చేరేవారో అంచనా వేసి ఆ బేస్ ఇస్తారు. ‘కావాలని అడ్డు రాలేదు కదా’ అన్న వాదన ప్రతి టోర్నమెంటులో వినిపిస్తుంది. ఈ నియమానికి ఉద్దేశంతో పనిలేదు. ఒంటికి తగలనక్కర కూడా లేదు. రన్నర్ వేగం తగ్గించుకోవలసి వచ్చిందా, పక్కకు తిరిగి పోవలసి వచ్చిందా అన్నదే ప్రశ్న. అడ్డు పడిందంటే అదనంగా ఒక బేస్ ఇచ్చి తీరాలని నమ్మే అంపైర్లూ ఉన్నారు. నియమావళి అలా అనలేదు.

కొన్నిచోట్ల అంపైర్ మౌనమే నియమం. రన్నర్ ఒక బేస్‌ను తాకకుండా దాటిపోతే, కళ్లారా చూసినా అంపైర్ పలకకూడదు. ఫీల్డింగ్ జట్టు అప్పీల్ చేయాలి. అదే ఫాస్ట్‌పిచ్ (బంతిని వేగంగా విసిరే రకం) ఆటలో పిచ్చర్ చేతి నుంచి బంతి వెలువడకముందే బేస్ విడిచిన రన్నర్‌ను ఎవరూ అడగకుండానే ఔట్ ఇవ్వాలి. ఒకే మ్యాచ్‌లో ఈ రెండూ జరిగితే, అంపైర్ పక్షపాతి అన్న ముద్ర పడడానికి అది చాలు. చేతులు బ్యాట్‌లో భాగమన్న నమ్మకం కూడా తప్పే. బ్యాట్ ఊపినప్పుడు పిచ్ చేతికి తగిలితే అది స్ట్రైక్, డెడ్ బాల్. మూడో స్ట్రైక్ అయితే బ్యాటర్ ఔట్.

నిర్వాహకులను నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. టోర్నమెంటుకు ముందు అంపైర్లనూ కోచ్‌లనూ ఒకేచోట కూర్చోబెట్టి, మైదానంలో ఎదురయ్యే చిక్కు సందర్భాలను చర్చించాలి. ఏ నియమావళి, ఏ ఏడాది ప్రతి వర్తిస్తుందో ముందే ప్రకటించి, దాన్ని స్కోరర్ బల్ల మీద ఉంచాలి. ప్రొటెస్ట్‌ను అక్కడికక్కడే విని తేల్చేవారు ఉండాలి. ఒక్క అంపైర్‌తో మ్యాచ్ నడపడం మానాలి. ప్లేట్ వెనక నిలబడి పిచ్ చూస్తున్న మనిషి, రెండో బేస్ దగ్గర జరిగిన అడ్డును ఎలా చూడగలరు? సాటి అంపైర్‌ను సంప్రదించడాన్ని, పుస్తకం తెరవడాన్ని బలహీనతగా చూసే అంపైర్లు ఆ ధోరణి వదులుకోవాలి. నియమం విషయంలో వారి పంతానికి ఏ విలువా లేదు, ఆడుతున్న జట్ల హక్కుకే విలువ.

1996 నుంచి 2008 వరకు ఒలింపిక్స్‌లో ఉన్న ఈ ఆట మళ్లీ టోక్యోలో కనిపించి, పారిస్‌లో లేకుండా పోయి, 2028లో లాస్ ఏంజెలెస్‌కు తిరిగి వస్తోంది. ఆటను కొత్తగా చూసేవారు పెరుగుతారు, వారిలో చాలామందికి నియమాలు తెలిసేది మీలాంటి పత్రికల ద్వారానే. కాబట్టి ఇకపై వివాదాస్పద నిర్ణయం గురించి రాసేటప్పుడు, అంపైర్ ఏ నియమం కింద ఏమని తీర్పు ఇచ్చారో, ఓడిన జట్టు తర్వాతి పిచ్‌కు ముందు ప్రొటెస్ట్ చేసిందో లేదో కనుక్కుని, రెండు వాక్యాల్లోనైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌బాల్ అంపైర్