పుట్టిన తేదీ నిజమే పెట్టండి

తల్లిదండ్రులకు నమస్కారం.

విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ హబ్ కడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించిన దగ్గర్నుంచి మన బడిలో ప్రశ్నలకు కొదవ లేదు. అక్కడ కట్టే డేటా సెంటర్‌కి (సమాచారం దాచే సర్వర్లుండే భవనానికి) అంత కరెంటు ఎందుకు, ఉద్యోగాలు ఎవరికి వస్తాయి అని పెద్ద తరగతుల పిల్లలు అడుగుతున్నారు. ఆరో తరగతి వాళ్ల అనుమానం వేరు. "మన ఫొటోలన్నీ ఇంక ఆనందపురం దగ్గర కట్టే ఆ సెంటర్‌లోనే ఉంటాయా మేడమ్?" అంటున్నారు. ఏ ఫొటో ఏ దేశంలోని సర్వర్‌లో ఉంటుందో మనకు తెలిసే వీలు లేదు. అయితే ఆ ఫొటోలూ వివరాలూ అక్కడిదాకా ఎలా వెళ్లాయన్నది మాత్రం పెద్దవాళ్లమే చెప్పాలి.

చాలా ఇళ్లల్లో పిల్లల మొదటి అకౌంటు తెరిచేది అమ్మో నాన్నో. పదేళ్ల పాప ఇన్‌స్టాగ్రామ్ కావాలని ఏడుస్తుంది. పదమూడేళ్లు నిండాలని యాప్ అంటుంది. పుట్టిన సంవత్సరం దగ్గర 1998 అని వేసేస్తే గొడవ వదులుతుంది. ఈ నెల ఉత్తరం ముఖ్యంగా ఆ తేదీ గురించే.

కంపెనీ దృష్టిలో మీ పాప వయసు మీరు వేసిన ఆ అంకె. ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశంలో టీన్ అకౌంట్లు మొదలుపెట్టింది. పద్దెనిమిది నిండని వాళ్ల అకౌంటు దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. 1998లో పుట్టినట్టున్న పదేళ్ల పిల్లకు ఇవేవీ వర్తించవు. పెళ్లి సంబంధాల యాప్ ప్రకటన వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

చట్టం కూడా వయసు మీదే నిలబడి ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో తేల్చింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2023లో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో పద్దెనిమిది నిండని ప్రతివారూ పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అదీ సరిచూసుకునే పద్ధతిలో. పిల్లల కదలికల్ని గమనించడం, దాన్నిబట్టి ప్రకటనలు చూపించడం కుదరదు. మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి కానీ, కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన సెక్షన్లకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. కాబట్టి 2027 మే దాకా కాపలా మనదే. ఆ తర్వాత కూడా, మనమే పిల్లను పెద్దదాన్ని చేసి చూపిస్తే చట్టమైనా ఏం చేస్తుంది?

ఎనిమిది, తొమ్మిది తరగతుల తల్లిదండ్రులు ఇంకొకటి చూడాలి. రీల్‌కి ఎన్ని వ్యూస్ వచ్చాయో వివరంగా తెలుస్తుందని పిల్లలు తమ అకౌంటును ప్రొఫెషనల్‌గానో బిజినెస్‌గానో మార్చేసుకుంటుంటారు. యూరప్‌లో ఇదే పెద్ద కేసయింది. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలు బిజినెస్ అకౌంట్లు పెట్టుకున్నప్పుడు వాళ్ల ఫోన్ నంబరు, ఈమెయిల్ బయటికి కనిపించాయని, మామూలు అకౌంట్లు కూడా మొదట్నుంచీ అందరికీ తెరిచే ఉన్నాయని ఐర్లాండ్ డేటా రక్షణ సంస్థ 2022లో ఇన్‌స్టాగ్రామ్‌పై 40.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఇవాళ రాత్రి మీ అబ్బాయి ప్రొఫైల్ ఒకసారి తెరిపించండి. మీ నంబరే అందులో ఉండొచ్చు.

"మా దగ్గర దాచడానికేముంది మేడమ్" అని కొందరంటారు. పదో తరగతి అవుతుండగానే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఫోన్ చేస్తే "నా నంబరు మీకెవరిచ్చారు?" అని నిలదీసేది కూడా వాళ్లే! (మన బడి నుంచి ఏ కాలేజీకీ నంబర్లు వెళ్లవు. ఏటా అడుగుతారు, ఏటా లేదంటాం.) ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా కూపన్ నింపితే కనీసం నింపినట్టు గుర్తుంటుంది. ఫోన్‌లో యాప్ అడిగిన ప్రతిదానికీ 'అలౌ' నొక్కుతూ పోతే అది కూడా గుర్తుండదు. గూగుల్ మాతృసంస్థ ఆదాయంలో నాలుగింట మూడు వంతులు ప్రకటనలవే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ నడిపే మెటాకైతే దాదాపు మొత్తం అదే. ఎవరు ఏం వెతికారు, ఏ వీడియో దగ్గర ఆగారు, ఎక్కడెక్కడికి వెళ్లారు అన్నది తెలిస్తేనే ఆ ప్రకటనకు విలువ. వాట్సాప్‌లో మీరు రాసింది చదవడం కంపెనీకి కుదరదు, అది నిజమే. ఎవరితో, ఎప్పుడు మాట్లాడుతున్నారన్న సమాచారం మాత్రం దానికి తెలుస్తుంది.

ఒక్క స్విచ్ ఆపి నిశ్చింతగా ఉండేవాళ్లకు లొకేషన్ సంగతి చెప్పాలి. గూగుల్‌లో లొకేషన్ హిస్టరీ ఆపేసినా, 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' అనే వేరే సెట్టింగ్ ద్వారా ఎక్కడున్నామో నమోదవుతూనే ఉందని 2018లో బయటపడింది. అమెరికాలో 40 రాష్ట్రాలు పట్టుకుంటే 2022లో గూగుల్ 39 కోట్ల డాలర్లకు పైగా కట్టి రాజీ చేసుకుంది. బ్రౌజర్‌లో చరిత్ర మిగలకుండా తెరిచే ఇన్‌కాగ్నిటో కూడా అంతే. ఆ ఫోన్ ఇంకెవరైనా తీసుకుంటే వాళ్లకు కనబడదు తప్ప, వెబ్‌సైట్లకు కనబడుతుంది. మన పిల్లల్లో చాలామంది దీన్ని మనిషిని మాయం చేసే దుప్పటి అనుకుంటున్నారు.

ఈ ఆదివారం ఒక అరగంట తీరిక చేసుకోండి. ముందు మీ ఫోన్, తర్వాతే పిల్లలది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్ తెరిచి అడ్వర్టైజింగ్ ఐడీని (ప్రకటనల కోసం మీ ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) డిలీట్ చేయండి. ఫోన్‌ని బట్టి దారి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. గూగుల్ అకౌంట్‌లో మై యాక్టివిటీ చూసి, మూడు నెలలు దాటిన పాత చరిత్ర దానంతటదే చెరిగిపోయేలా పెట్టండి. టార్చ్ యాప్‌కి కాంటాక్టులు, క్యాలిక్యులేటర్‌కి లొకేషన్ ఎందుకో అడిగి, అర్థం లేని అనుమతులు తీసేయండి.

పుట్టిన తేదీ సరిచేసే ముందు మాత్రం ఒక జాగ్రత్త. పదమూడు నిండని పిల్లల గూగుల్ అకౌంటుకు పెద్దవాళ్ల పర్యవేక్షణ తప్పనిసరి. తేదీ మార్చాక ఫ్యామిలీ లింక్ అనే గూగుల్ పర్యవేక్షణ యాప్ పెట్టకపోతే అకౌంటు ఆగిపోతుంది. కావలసిన ఫొటోలు ముందే వేరేచోట దాచుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనైతే ఆ వయసుకి అకౌంటే ఉండకూడదు, తీసేయడమే. రెండు రోజులు అలుగుతారు, భోజనం మానేస్తామని బెదిరిస్తారు. ఆ అలక నా పేరు చెప్పి నామీదికి తోసేయండి, నాకు అలవాటే.

బడి వైపు నుంచి రెండు మార్పులు. తరగతి వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తున్నాయి. వచ్చే నెల నుంచి బడి నోటీసులన్నీ వాట్సాప్ కమ్యూనిటీలో వస్తాయి, అక్కడ మీ నంబరు తోటి తల్లిదండ్రులకు కనిపించదు. హోంవర్క్ అడగడానికి కష్టమవుతుందని కొందరు అమ్మలు ఇప్పటికే అన్నారు. పిల్లల డైరీలో హోంవర్క్ రాయించే బాధ్యత టీచర్లది. రెండోది, వార్షికోత్సవం ఫొటోలు. మీరు సంతకం చేసి ఒప్పుకుంటేనే మీ పిల్లల ఫొటో బడి పేజీలో పెడతాం, అప్పుడూ పేరు, తరగతి రాయం. వద్దన్నవాళ్ల పిల్లలు వేదిక ఎక్కరని కాదు, డ్యాన్సూ ఉంటుంది, బహుమతీ ఉంటుంది.

ఫొటోల అంగీకార పత్రం రేపు డైరీలో పెట్టి పంపుతున్నాం. అవును, కాదు, ఏదో ఒకటి టిక్ పెట్టి శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కి అందించండి. పత్రం రాకపోతే 'కాదు' అనే లెక్క. ఫోన్ సెట్టింగ్స్ దగ్గర ఎక్కడైనా చిక్కుకుంటే శనివారం సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్ ల్యాబ్‌కి రండి. ఛార్జింగ్ ఉన్న ఫోను, పాస్‌వర్డ్ గుర్తున్న మనిషి, ఇద్దరూ కలిసి రావాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం