ఎక్స్‌పో ఆన్ చేస్తే పడిపోయే సిస్టమ్‌ని నిలబెట్టిన అన్నకి

నెల్లూరు ట్రంకు రోడ్డులో ర్యామ్ కొంటుంటే పక్కన నిలబడి, పేరైనా చెప్పకుండా దారి చూపించి వెళ్లిన అన్నా, మీకు నమస్కారాలు.

డబ్బా మీద వేగం డీడీఆర్5 6000 అని ఉన్నా, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని ఆ డబ్బా మీది వేగంలో నడిపే ఏఎండీ సెట్టింగు, ఆన్ చేసేదాకా అది 4800లోనో 5600లోనో నడుస్తుందని, ఆ 6000 ఓవర్‌క్లాకేనని, అంటే మామూలు వేగం దాటించి నడపడమేనని, మీరు చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

మీ వరుసే పనిచేసింది. స్టిక్కులు రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కబెట్టి రెండు, నాలుగు స్లాట్లలోకి. తర్వాత బయోస్ అప్‌డేట్. సీమాస్ క్లియర్ చేశాక, అంటే బయోస్ సెట్టింగులు చెరిపేశాక, తెర నల్లగానే ఉన్నా పది నిమిషాలు పవర్ బటన్ జోలికి పోవద్దన్నారు. అది మెమరీ ట్రెయినింగట, బోర్డు ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకోవడం, బోర్డు చచ్చిపోవడం కాదు! ఆ ఒక్క మాట లేకుంటే బోర్డు వెనక్కి పోయుండేది.

6000లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాం తప్పులు చూపితే టైమింగులు (ర్యామ్ స్పందించే ఆలస్యపు లెక్కలు) కెలక్కుండా, వోల్టేజి 1.35 అలాగే ఉంచి, వేగం 5800, 5600 అని మెట్టు మెట్టు దించమన్నారు. ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజి మాత్రం 1.3 దాటనివ్వద్దని గట్టిగా చెప్పారు. స్టిక్కులు విడివిడిగా బాగానే పాసయ్యాయి. రెండూ కలిపి 5800లో నాలుగు పాసులకూ (రౌండ్లకూ) సున్నా తప్పులు.

ఏసీ గదిలో పాసైంది మన రోహిణి కార్తెలో ఫెయిలవ్వచ్చన్నదీ నిజమే. వేడికి మెమరీ సెల్స్‌లో ఛార్జి తొందరగా కారిపోతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం ఏసీ ఆపి ఇంకోసారి టెస్టు.

ఆ 200 తగ్గినా ఆటల్లో తేడా తెలియడం లేదు, అచ్చం మీరన్నట్టే. మళ్లీ కనబడితే మలైకాజా మా లెక్కలో.