మీటర్ పట్టడం నేర్పిన ముగ్గురికి

మాస్టారికి, అక్కకి, తమ్ముడికి నమస్కారం. పేర్లు రాయొద్దని ముగ్గురూ గట్టిగా చెప్పారు కాబట్టి నేను మిమ్మల్ని పిలిచే పిలుపులతోనే రాస్తున్నాను. నిన్న రాత్రి నాన్న ట్యూబు (వాల్వు) ఆంప్లిఫయర్ కుడి, ఎడమ చానెళ్లు రెండూ పలికాయి. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ పెట్టెలోంచి పాట వినిపించింది. అమ్మ వంట మధ్యలో ఆపి వచ్చి నిలబడింది. ఫోన్‌లో "థాంక్స్" అనేసి ఊరుకోవడానికి మనసొప్పలేదు. మీరు ఏం చేశారో నలుగురికీ తెలియాలి. నాలాగే మొదలుపెట్టేవాళ్లకి కూడా ఉపయోగపడుతుంది.

మొదటిరోజు సంగతి చెప్పాలి. అటక మీద నుంచి దించి, దుమ్ము తుడిచి, నేరుగా ప్లగ్గు పెట్టేశాను. నిమిషం తిరక్కుండానే కుడివైపు పవర్ ట్యూబు (స్పీకర్‌ని నడిపేది, ఈఎల్84 రకం) లోపలి ప్లేటు అనే లోహపు రేకు కాలిన ఇనుములా ఎర్రబడింది. ఏదో మాడిన వాసన. భయపడి స్విచ్చి ఆపేశాను. తెలిసినవాళ్ల ద్వారా మాస్టారి నంబరు సంపాదించి నేను అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఈఎల్84 ట్యూబు ఏ కంపెనీది కొంటే మంచిది?" ఆయన జీవితమంతా వాల్వు రేడియోలు బాగుచేసిన మనిషి. నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. "ట్యూబు కొనకు బాబూ. ముందు మళ్లీ స్విచ్చి వేయకు. నీ దగ్గర మీటరుందా?" అన్నారు.

ఆ రోజు నుంచి నిన్నటిదాకా ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్నది "ఎంతుంది?" అన్న మాటే. అక్కడ ఎంతుంది, ఇక్కడ ఎంతుంది. ఏ భాగం మార్చాలో ఆయన ఒక్కసారి కూడా ముందుగా చెప్పలేదు. కొలిచి చెప్పమనేవారు, నేను చెప్పిన అంకె బట్టి ఇంకోటి కొలవమనేవారు. మొదట్లో నాకు కాస్త అసహనంగా ఉండేది. చెప్పేస్తే అయిపోతుంది కదా అనుకునేవాణ్ని. కానీ అలా చెప్పేసి ఉంటే నేను ఒక ఆంప్లిఫయర్ బాగుచేసుకునేవాణ్నేమో గానీ, బాగుచేయడం నేర్చుకునేవాణ్ని కాదు.

ఆయన ముందుగా చేయించింది సిరీస్ బల్బు. పాత రకం ఫిలమెంటు బల్బు, 60 వాట్లది, మెయిన్స్ తీగకి వరసలో కలిపిన డబ్బా. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. లోపల ఎక్కడైనా షార్టుంటే కరెంటంతా బల్బు మీద పడి అది పూర్తి వెలుగుతో వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా బతుకుతుంది. అంతా బాగుంటే ఒక్క క్షణం వెలిగి మందగిస్తుంది. ట్యూబులన్నీ తీసేసి మొదట ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదాన్నే చూశాం. బల్బు వెలిగీ వెలగనట్టు ఉండిపోయింది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. పాత పెట్టెకి రెండు పిన్నుల తీగ ఉండేది. దాన్ని తీసి మూడు పిన్నులది వేసి, ఎర్తు తీగని చాసిస్‌కి, అంటే పెట్టె లోహపు చట్రానికి, బోల్టుతో బిగించి, ఫ్యూజు పెట్టాకే తర్వాతి పని చెప్తానన్నారు.

ఇక అక్క విషయం. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, మాస్టారి దగ్గర ఒకప్పుడు నేర్చుకున్న మనిషి. డీసీలో ఒడిదుడుకులు తగ్గించే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి పైన ఉబ్బాయి. మార్చక తప్పదు. మొదటి కండెన్సర్ చోట 220 మైక్రోఫారడ్‌ది పెడితే హమ్మింగ్ బాగా తగ్గుతుంది కదా అని నా ఆలోచన. అక్క వద్దంది. మా పెట్టెలో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ కూడా ట్యూబే, ఈజెడ్81. దాని తర్వాత వచ్చే మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు. అంతకన్నా పెద్దది పెడితే అది నిండేటప్పుడు లాగే కరెంటుకి రెక్టిఫయర్ చచ్చిపోతుంది. పెద్దది పెట్టాలనుంటే రెసిస్టర్ తర్వాత వచ్చే రెండోచోట పెట్టుకోమంది. 450 వోల్టులవి, మొదటిచోట 47, రెండోచోట 100 వేశాం.

ఇక్కడే నేను జీవితాంతం మర్చిపోలేని విషయం జరిగింది. కొత్త కండెన్సర్లు వేశాక రెక్టిఫయర్ ట్యూబు ఒక్కటే పెట్టి వోల్టేజి చూశాను. బాగానే ఉంది. ప్లగ్గు పీకేసి ఓ పది నిమిషాలు మంచినీళ్లు తాగి వచ్చాను. అక్క వీడియో కాల్‌లో చూస్తూ ఉంది. వదులుగా ఉన్న ఒక తీగ సర్దుదామని చెయ్యి పెట్టబోయాను. "ఆగు! కొలిచావా?" అని అరిచింది. ప్లగ్గు పీకి పది నిమిషాలైంది కదక్కా అన్నాను. కొలువు అంది. కొలిచాను. 310 వోల్టులు.

నా చేతులు వణికాయి. తర్వాత అక్క నెమ్మదిగా చెప్పింది. ట్యూబులన్నీ ఉండి వేడిగా ఉన్నప్పుడు స్విచ్చి ఆపితే, కండెన్సర్లలో మిగిలిన చార్జిని ఆ ట్యూబులే కొద్ది సెకన్లలో లాగేసుకుంటాయి. అందుకే చాలామందికి ఏమీ కాదు, ఏమీ కాదని ధైర్యం వస్తుంది. ట్యూబులు తీసేసి పరీక్ష చేసిన రోజున ఆ చార్జిని లాగేవాళ్లు ఎవరూ ఉండరు. చార్జిని మెల్లగా ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ లేకపోతే అలాగే నిలిచిపోతుంది. మా పెట్టెలో అది లేదు. ఆ రోజే 220 కిలో ఓములది ఒకటి వేశాం. దానితో పాటు 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండువైపులా రబ్బరు తొడుగున్న క్లిప్పులు కట్టి ఒక డిస్చార్జి తీగ చేసుకున్నాను. అది పెట్టాక కూడా మీటర్ సున్నా దగ్గరికి వచ్చిందో లేదో చూడకుండా ఇప్పుడు చెయ్యి పెట్టను. కరెంటున్నప్పుడు కొలవాల్సి వస్తే నల్ల క్లిప్పు ముందే చాసిస్‌కి తగిలించి, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుంటాను. అక్కా, ఆ ఒక్క కేక కోసం నీకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తక్కువే.

అసలు జబ్బు దొరికిన రోజు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నాకు అంత ఇష్టమైన రోజది. స్టీరియో కదా, ఎడమ చానెల్ బాగానే ఉంది. "బాగున్న చానెలే నీకు పాఠ్యపుస్తకం, ముందు దాన్ని చదువు" అన్నారు మాస్టారు. ఎడమవైపు ఈఎల్84 కాథోడ్ రెసిస్టర్ (ట్యూబులో పారే కరెంటంతా దీని గుండానే పోతుంది) 150 ఓములు, దాని మీద 7.4 వోల్టులు. భాగిస్తే 49 మిల్లీ ఆంపులు. కుడివైపు మీటర్ క్లిప్పు ముందే తగిలించుకుని, స్విచ్చి వేసి, అంకె చూసి వెంటనే ఆపేశాను. 13 వోల్టులు. అంటే 87 మిల్లీ ఆంపులు. అందులో ట్యూబు స్క్రీన్ అనే ఇంకో భాగం తీసుకునే వాటా తీసేసినా ప్లేటుకి దాదాపు 80. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య ఉన్న వోల్టేజితో గుణిస్తే 19 వాట్లు దగ్గర పడింది. ఆ ప్లేటు తట్టుకునేది 12 వాట్లు. ఎర్రబడక ఏం చేస్తుంది?

నేను వెంటనే ట్యూబు పోయిందన్నాను. "రెండు ట్యూబులూ అటూ ఇటూ మార్చి చూడు" అన్నారు. మార్చాను. జబ్బు ట్యూబుతో పాటు పోలేదు, కుడివైపే ఉండిపోయింది. "ఇప్పుడు కుడి ట్యూబు తీసేసి, సాకెట్ రెండో పిన్ను దగ్గర ఎంతుందో చెప్పు." రెండో పిన్ను గ్రిడ్, ట్యూబులో పారే కరెంటుని అదుపు చేసేది. అక్కడ సున్నా ఉండాలి. 11 వోల్టులు ప్లస్ ఉంది. ఆయన ఏమీ అనలేదు. కాసేపు నన్ను ఆలోచించుకోనిచ్చారు. గ్రిడ్‌కి ప్లస్ వోల్టేజి ఎక్కడి నుంచి వస్తుంది? ముందున్న 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబు ప్లేటు నుంచి. మధ్యలో ఉన్నది ఒక్క కప్లింగ్ కండెన్సరే. పాటని దాటించి డీసీని ఆపడం దాని పని. లోపల లీకై డీసీని కూడా వదిలేస్తోంది. ఆ సంగతి నా నోటితో నేను చెప్పినప్పుడు మాస్టారి గొంతులో వినిపించిన సంతోషం నాకిప్పటికీ గుర్తుంది. కొత్తది వేయగానే గ్రిడ్ సున్నాకి వచ్చింది, కాథోడ్ 7.2కి దిగింది. ట్యూబు మార్చనేలేదు. నేను మొదట అనుకున్నట్టు కొత్తది కొని పెట్టి ఉంటే, అదీ ఎర్రబడి పోయేది. ఎడమవైపుది కూడా అదే వయసుది కాబట్టి దాన్నీ మార్చేశాం. ఖరీదైనవే పెట్టాలా అంటే, 630 వోల్టుల మామూలు పాలీప్రొపిలీన్ చాలన్నారు. అవే వేశాను, చెవికి ఏ లోటూ తెలియట్లేదు.

ఆ తర్వాత కొంచెం హమ్మింగ్ మిగిలింది. అది 50 హెర్ట్జ్‌దా, 100దా అని అడిగింది అక్క. కరెంటు 50 హెర్ట్జ్ అయినచోట ఫిల్టర్ సరిగ్గా లేకపోతే వచ్చేది 100, కాస్త జుమ్మని గరుకుగా ఉంటుంది. ట్యూబుల్ని వేడిచేసే హీటర్ తీగల నుంచి వచ్చేది 50, మెత్తగా, లోతుగా ఉంటుంది. మాది మెత్తనిది. ఎవరో ఎప్పుడో రిపేరు చేస్తూ హీటర్ తీగల్ని విడివిడిగా, గ్రిడ్ తీగ పక్కనుంచే పోనిచ్చారు. వాటిని గట్టిగా మెలేసి చాసిస్ మూలకి జరిపి, రెండు కొసల నుంచీ 100 ఓముల రెసిస్టర్లు ఎర్తుకి వేశాక, స్పీకర్‌కి చెవి ఆనిస్తే తప్ప వినిపించనంత తగ్గింది.

ఇక తమ్ముడు. వయసులో నాకంటే పన్నెండేళ్లు చిన్న, విషయంలో నాకు గురువు. పెట్టె బాగయ్యాక నాకు నెగటివ్ ఫీడ్‌బ్యాక్, అంటే బయటికొచ్చే పాటలో కొంత వెనక్కి తెచ్చి వక్రీకరణ తగ్గించే పద్ధతి, వేసి చూడాలనిపించింది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ స్పీకర్ వైపు నుంచి ఒక తీగని రెసిస్టర్ ద్వారా మొదటి ట్యూబు కాథోడ్‌కి తెచ్చాను. స్విచ్చి వేయగానే స్పీకర్ కీచుమని అరిచింది. ఆపి, తమ్ముడికి ఫోన్ చేశాను. "అన్నా, తీగ తిరగబడింది. తగ్గించాల్సింది పెంచుతోంది" అన్నాడు. స్పీకర్ తీసేసి 8 ఓముల పవర్ రెసిస్టర్ పెట్టించాడు. ఏ లోడూ లేకుండా మాత్రం ఎప్పుడూ నడపొద్దని, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో స్పార్కులొచ్చి పోతుందని రెండుసార్లు చెప్పాడు. ముందు 47 కిలో ఓముల పెద్ద రెసిస్టర్‌తో కలిపి చూడాలట. అవుట్‌పుట్ కొంచెం తగ్గితే తీగ సరైన వైపున్నట్టు, పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ స్పీకర్ వైపు కొసలు రెండూ మార్చాలి. మార్చాను, తగ్గింది. అప్పుడు మెల్లగా రెసిస్టర్ విలువ దించుకుంటూ వచ్చాం. బేస్ బిగువుగా అయింది.

ఈ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఆలోచన హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరుకి 1927లో పడవ మీద ఆఫీసుకి వెళ్తుండగా వచ్చిందని, చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే రాసుకున్నాడని తమ్ముడే చెప్పాడు. రాత్రి పదకొండింటికి, నా కోసం వాళ్లింట్లో సిగ్నల్ అలల్ని తెర మీద చూపించే ఆసిలోస్కోపు ముందు కూర్చుని అదే సర్క్యూట్ కట్టి చూపిస్తూ చెప్పాడు. ఆ మర్నాడు వాడికి పరీక్ష ఉందని నాకు తర్వాత తెలిసింది.

మాస్టారూ, డబ్బు ప్రస్తావన తెస్తే ఫోన్ పెట్టేస్తానన్నారు కాబట్టి తేవట్లేదు. చేతిరాతతో గీసి పంపిన ఆ సర్క్యూట్ కాగితం, ప్రతి పిన్ను పక్కన ఉండాల్సిన వోల్టేజి రాసి ఉన్నది, లామినేషన్ చేయించి పెట్టె అడుగు పలక లోపలివైపు అంటించాను. తర్వాత దీన్ని ఎవరు తెరిచినా వాళ్లకి పనికొస్తుంది. లీకైన ఆ పాత కండెన్సర్‌ని పారేయలేదు, బల్ల మీదే ఉంది.

మీరు అడిగిన చివరి కొలత ఇదిగో. నిన్న రాత్రి నాలుగు గంటలు ఆపకుండా నడిపాక, కుడి కాథోడ్ 7.2, ఎడమ 7.3. రెండు గ్రిడ్లూ సున్నా.