క్లచ్ సెట్ మార్చామన్నారు, లోపల పాత బేరింగే ఉంది

సంపాదకుడు గారికి,

పోయిన నెల మా అమ్మను కళ్ల పరీక్ష కోసం కరీంనగర్ తీసుకెళ్తుంటే ఎల్కతుర్తి దాటాక కారు ఆగిపోయింది. క్లచ్ తొక్కితే గరగరమని చప్పుడు వచ్చింది, ఆ తర్వాత గేరే పడలేదు. 72 ఏళ్ల మనిషిని ఎండలో రోడ్డు పక్కన కూర్చోబెట్టి రెండు గంటలు ఎదురుచూశాం. అదే క్లచ్ సెట్ మార్పించడానికి అంతకు సరిగ్గా 26 రోజుల ముందు హన్మకొండలో ఒక మెకానిక్ షెడ్డులో 14,500 రూపాయలు కట్టి వచ్చాను.

షెడ్డాయనకు ఫోన్ చేస్తే "మా దగ్గరి నుంచి పోయినప్పుడు మంచిగనే ఉండె అన్నా, మీరు క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నట్టున్నరు" అన్నాడు. బండి చూడకుండానే తప్పు నాదని తేల్చేశాడు.

బండిని వేరే మెకానిక్ దగ్గరికి లాగించి గేర్‌బాక్స్ దింపిస్తే అసలు సంగతి బయటపడింది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు కొత్తవే, కానీ క్లచ్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నొక్కే రిలీజ్ బేరింగ్ మాత్రం పాతది. చేతిలో పెట్టుకుని తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడు, గ్రీజు ఎండిపోయి అంచుల్లో నల్లటి పొడి. క్లచ్ సెట్ అంటే ఈ మూడూ కలిపే కదా! ఆ మూడిట్లో తక్కువ ధర దానిదే, కానీ అది పోతే మళ్లీ గేర్‌బాక్స్ మొత్తం దింపాల్సిందే, అంటే లేబర్ చార్జీ రెండోసారి నా నెత్తినే పడింది.

నేను చేసిన తప్పు ఒకటుంది, చదివేవాళ్లు చేయకూడదని చెబుతున్నాను. మొదటిసారి బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ కలుస్తది" అన్నారు, నేను తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీతో ఊరుకున్నాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న షెడ్డు అసలు ఆ పన్ను వసూలు చేయకూడదు, ఉన్నవాళ్లు కట్టాలి, బిల్లు ఇవ్వాలి. చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడాన్నే 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వాణిజ్య పద్ధతుల్లో చేర్చింది. ఈ ముక్క మనలో ఎంతమందికి తెలుసు?

2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని పని సరిగ్గా చేయకపోతే అది సేవా లోపం. మనం ఇప్పటికీ కన్జ్యూమర్ ఫోరం అని పిలిచే జిల్లా కమిషన్‌లో, మనం ఉండే జిల్లాలోనే, రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం ఇంకా తేలిక. పక్కా బిల్లు లేదని వెనకాడకండి, ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మెసేజ్‌లు, తెల్ల చీటీ అన్నీ పనికొస్తాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, వేరేచోట బండి విప్పించే ముందే మొదటి షెడ్డుకు రాతపూర్వకంగా చెప్పాలి, వాట్సాప్‌లో అయినా సరే. నేను ఫోన్‌లో నోటిమాటగా చెప్పానంతే, ఇప్పుడు ఆయన "నన్ను పిలవకుండానే విప్పించిండు" అంటున్నాడు.

నేను మెకానిక్‌లందరినీ అనడం లేదు. పాత సామాను సంచిలో వేసి "చూసుకోండి సార్" అని ఇచ్చే షెడ్లు వరంగల్‌లో నాకే రెండు తెలుసు. కానీ జీతం మీద బతికేవాడికి 14,500 అంటే పిల్లల ఫీజు. అధికారులు ఒక్క పని చేయాలి, ప్రతి షెడ్డులో మారుస్తున్న సామాన్ల పేర్లు, గ్యారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాసివ్వాలని, పాత సామాను తిరిగి ఇవ్వాలని తెలుగులో బోర్డు పెట్టించాలి. అప్పుడప్పుడైనా వచ్చి బిల్లు పుస్తకాలు చూడాలి.

ఆ బేరింగ్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. రెండో మెకానిక్ ఏం చూశాడో రాసి సంతకం పెట్టిచ్చాడు, విప్పుతున్నప్పుడు తీసిన ఫొటోలూ ఉన్నాయి. షెడ్డుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువు ఇచ్చాను. జవాబు రాకపోతే కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను.

— ఒక పాఠకుడు, హన్మకొండ