ఎల్‌కేజీకి కూడా ట్రైనింగా మేడమ్?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి ప్రతి మూడో శనివారం నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు మధ్యాహ్నం పన్నెండుకే బడి వదిలేస్తాం. ఆ పూట వాళ్ల టీచర్లకు, ఆయమ్మలకు శిక్షణ ఉంటుంది. ఈ సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టిన కాసేపటికే ఒక నాన్నగారు ఫోన్ చేశారు. "ఏబీసీడీలు చెప్పేదానికి కూడా ట్రైనింగా మేడమ్?" అన్నారు. ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగారు. మీలో ఇంకొంతమందికీ ఈ అనుమానం ఉండే ఉంటుంది. అందుకే ఈసారి ఉత్తరమంతా దీని గురించే. స్పోర్ట్స్ డే ఫొటోలు వచ్చే సంచికలో వేస్తాం.

పదో తరగతికి లెక్కలు చెప్పే సార్ ఏం చదివారు, అనుభవమెంత అని అడ్మిషన్ రోజే అడుగుతారు. ఎల్‌కేజీ టీచర్ గురించి మాత్రం ఎవరూ అడగరు. ఓపిక ఉంటే చాలనుకుంటారు. ఒకడు అమ్మ కావాలని ఏడుస్తుంటాడు, ఒకతె పక్కపిల్లను కొరుకుతుంటుంది, ఇంకొకడు నిక్కరు తడుపుకొని బిక్కమొహం వేసుకొని నిలబడి ఉంటాడు. అలాంటి గదిలో ఉత్త ఓపిక పదకొండు గంటలకల్లా అయిపోతుంది. ఆ తర్వాత పనికొచ్చేది నేర్చుకున్న పనితనమే.

అది నేర్పే చోట్లు మనకు తక్కువ. అనంతపురం వైపు టీచర్ కావాలనుకున్నవాళ్లు బుక్కపట్నం డైట్ అనే ప్రభుత్వ టీచర్ల శిక్షణ సంస్థలోనో, ఏదో ఒక ప్రైవేటు కాలేజీలోనో డీఎడ్ అనే టీచర్ డిప్లొమా చేస్తారు. ఆ కోర్సు బడి ఈడు పిల్లల కోసం. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ల నుంచే లెక్కపెడుతుంది. అంతకన్నా చిన్నపిల్లల్ని 1975లో మొదలైన ఐసీడీఎస్ (చిన్నపిల్లల పోషణ, సంరక్షణ కోసం ప్రభుత్వ పథకం) అంగన్‌వాడీలు, మనలాంటి ప్రైవేటు బడులు ఎవరికి తోచినట్టు వాళ్లు చూసుకుంటూ వచ్చారు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా తీసుకుంది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఉండాలని రాసింది. 2023లో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణా, చదువూ) పేరుతో వాళ్లకు శిక్షణ మొదలుపెట్టింది. అంగన్‌వాడీ వాళ్లకే ఇంత ఆలోచన జరుగుతుంటే, మీ దగ్గర ఫీజు తీసుకునే మేం చూస్తూ కూర్చోవడం బాగుండదు. అన్నట్టు, మన వీధి చివరి అంగన్‌వాడీ కార్యకర్తను కూడా ఈ శనివారాలకు పిలిచాం. మారాం చేసే పిల్లకు అన్నం ఎలా తినిపించాలో మా అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

శిక్షణంటే ఎవరో వచ్చి గంటసేపు ఉపన్యాసం ఇచ్చి పోవడం అనుకోకండి. చిన్నపిల్లల చదువుకు కొత్త పద్ధతి తెచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. పిల్లల్ని గమనించడం టీచర్‌కు మొదట రావాల్సిన విద్య అని ఆమె నమ్మకం. మేమూ అక్కడే మొదలుపెట్టాం.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఎల్‌కేజీలో ఒక బాబు పెన్సిల్‌ను గుప్పిట్లో పట్టి కాగితం చిరిగేదాకా నొక్కుతాడు. ఇంట్లో రోజూ రెండు పేజీలు రాయిస్తున్నా మార్పు లేదని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. టీచర్ ఒకరోజు పిల్లల ముందు పళ్లెంలో ఎండు బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు పెట్టింది. మిగతావాళ్లు బొటనవేలు, చూపుడువేలు కలిపి పటుక్కున నొక్కి వొలుస్తున్నారు. వీడు కాయను అరచేతిలో వేసి పిసికాడు, పగల్లేదు, పళ్లతో కొరికాడు. వేళ్లకు ఇంకా బలం రాలేదన్నమాట. ఆ వయసులో మణికట్టు ఎముకలే పూర్తిగా ఏర్పడి ఉండవు. రాత పేజీలు ఆపేసి చపాతీ పిండి పిసకనివ్వమని, బట్టల క్లిప్పులు పెట్టనివ్వమని, బుడ్డలు వొలవనివ్వమని టీచర్ వాళ్లమ్మకు చెప్పింది. నాలుగేళ్ల పిల్లవాడు బుడ్డ గింజ మింగబోతే గొంతుకు అడ్డం పడొచ్చు. అందుకే పక్కన పెద్దవాళ్లు లేకుండా ఆ పళ్లెం పెట్టకూడదు. అడ్డం పడితే ముందుకు వంచి వీపు మీద ఎలా కొట్టాలో ఆయమ్మలు కూడా బొమ్మ మీద నేర్చుకున్నారు. ఇంట్లో మీరూ నేర్చుకుంటే మంచిది.

భాష సంగతి ఇంకొకటి. మన పిల్లల్లో కొందరు ఇంట్లో ఉర్దూ, కొందరు కన్నడం మాట్లాడతారు. ఒక పాప "పానీ హోనా" (నీళ్లు కావాలి) అని రెండుసార్లు అడిగి, ఎవరికీ అర్థంకాక ఊరుకుంది. అలాంటి పిల్లను మొండిది అనుకోవడం చాలా తేలిక. ఇప్పుడు ప్రతి టీచర్ దగ్గరా ఆ క్లాసు పిల్లల ఇంటి మాటలు, నీళ్లు, ఆకలి, నొప్పి, బాత్రూమ్ వంటివి రాసుకున్న చీటీ ఉంటుంది.

జీతం సంగతీ చెప్పాలి. ప్రైవేటు బడుల్లో మామూలుగా అందరికన్నా తక్కువ జీతం చిన్న క్లాసుల టీచర్లకే. ఈ ఏడాది నుంచి మన దగ్గర ఒకే అర్హత ఉన్న ఎల్‌కేజీ టీచర్‌కు, ఒకటో తరగతి టీచర్‌కు ఒకే జీతం. మధ్యాహ్నం అన్నం తర్వాత పిల్లలు లేకుండా అరగంట కూర్చునే వీలు కూడా కల్పించాం. దీన్ని నేను ఖర్చు కింద చూడటం లేదు. గొంతు పోయిన టీచర్ పిల్లలకు కథేం చెప్తుంది?

మీ నుంచి కావాల్సినవి కొన్ని. నోటుబుక్ నిండలేదని డైరీలో రాయకండి, నిండకపోవడం మేం అనుకొని చేస్తున్నదే. సాయంత్రం ఏడు దాటాక టీచర్లకు ఫోన్లు, మెసేజ్‌లు వద్దు. అత్యవసరమైతే నాకే చేయండి. ఇంట్లో చింతగింజలు, ఖాళీ అగ్గిపెట్టెలు, పాత చీరల ముక్కలు ఉంటే పంపండి. బుడ్డలు మాత్రం ఇప్పుడు వద్దు, కొత్త పంట వచ్చాక మేమే అడుగుతాం.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లవాళ్లు శనివారం పిల్లల్ని మూడున్నర దాకా బడిలోనే ఉంచొచ్చు. ఐదో తరగతి టీచర్లు చూసుకుంటారు. ఆ విషయం గురువారంలోగా ఆఫీసులో చెప్పి, ఆ రోజు క్యారియర్‌లో పెరుగన్నం పెట్టి పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు